తాడు ఎంత వాలుగా పట్టి లాగితే బరువు తేలిగ్గా కదులుతుంది?

బరువైన పెట్టెకు తాడు కట్టి, దాని వైపు తిరిగి, వెనక్కి వాలి లాగుతుంటారు. పెట్టె ఉన్నచోటే ఉంటుంది. మీ చెప్పులు మాత్రం నెమ్మదిగా పెట్టె వైపే జారుతుంటాయి. బరువును మీ దగ్గరికి తెచ్చుకోబోయి మీరే బరువు దగ్గరికి పోతున్నారన్నమాట. ఇలాంటప్పుడు ఇంకొకరిని సాయానికి పిలుస్తాం. పిలవండి, తప్పు లేదు. ఆ లోపు తాడు ఎలా ఉందో ఒక్కసారి చూసుకోండి. నేలకు సమాంతరంగా ఉంటే, కాస్త పొట్టిగా పట్టుకుని పైకి వాలుగా లాగి చూడండి. చాలాసార్లు సాయానికి మనిషి వచ్చేలోపే పెట్టె కదులుతుంది.

ఎంత వాలు అన్నదానికి సరైన లెక్క ఉంది. దానికి కోణమానిని అక్కర్లేదు. ఒక చెక్క పలక, ఒక టేపు చాలు. ఆ పద్ధతి చెప్పేముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. అది తెలిస్తే తర్వాత చెప్పేవి గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

తాడు చేసే రెండు పనులు

నేలకు సమాంతరంగా లాగితే మీ బలమంతా ముందుకే పోతుంది. వినడానికి ఇదే మేలనిపిస్తుంది. కానీ వస్తువు బరువు మొత్తం నేల మీదే ఆని ఉంటుంది కాబట్టి ఘర్షణ కూడా పూర్తిగా ఉంటుంది. తాడును పైకి వాలిస్తే మీ బలం కొంత ముందుకు, కొంత పైకి పనిచేస్తుంది. పైకి పనిచేసే భాగం వస్తువును గాల్లోకి లేపేంత ఉండదు గాని, అది నేల మీద ఆనే ఒత్తిడిని తగ్గిస్తుంది. పాఠ్యపుస్తకాల్లో అభిలంబ బలం అనేది దీన్నే. అది తగ్గితే దాంతోపాటు ఘర్షణా తగ్గుతుంది.

మరి ముందుకు లాగే భాగమూ తగ్గింది కదా, లాభమేముంది? కిటుకు ఇక్కడే ఉంది. వాలు కొద్దిగా ఉన్నప్పుడు ముందుకు లాగే బలం దాదాపు తగ్గదు. 10 డిగ్రీల వాలులో మీ బలంలో 98.5 శాతం ఇంకా ముందుకే పనిచేస్తుంది. అదే సమయంలో 17 శాతం పైకి లేపడానికి దొరుకుతుంది. (రెండూ కలిపితే నూరు దాటిందేమిటన్న అనుమానం రావచ్చు. బలాలకు దిశ ఉంటుంది, అవి మామూలు అంకెల్లా కూడవు. లంబకోణ త్రిభుజం భుజాల్లా కలుస్తాయి.) ఒకటిన్నర శాతం పోగొట్టుకుని పదిహేడు శాతం తెచ్చుకోవడం మంచి బేరమే. వాలు పెరిగేకొద్దీ, ఒక్కో డిగ్రీకి అదనంగా పోయేది పెరుగుతుంది, అదనంగా వచ్చేది తగ్గుతుంది. ఒకచోట రెండూ సరిసమానమవుతాయి. మనకు కావలసిన వాలు అదే.

అంకెల్లో చూద్దాం. పెట్టె బరువు 100 కిలోలు, ఘర్షణ గుణకం 0.5 అనుకోండి. అంటే నేల మీద ఎంత ఆనితే అందులో సగం ఘర్షణ పుడుతుంది. ఎండు చెక్క మీద చెక్క జారబోయేటప్పుడు అటూ ఇటుగా 0.25 నుంచి 0.5 దాకా ఉంటుంది. రబ్బరుకూ పొడి కాంక్రీటుకూ మధ్య 0.6 నుంచి 1 దాకా పోతుంది. బలాన్ని కూడా ఇక్కడ కిలోల్లోనే చెబుతున్నాను. న్యూటన్లలో కావాలంటే 9.8తో గుణించుకోండి.

- సమాంతరంగా: 50 కిలోలు
- 10 డిగ్రీలు: 46.7
- 20 డిగ్రీలు: 45
- 27 డిగ్రీలు: 44.7
- 40 డిగ్రీలు: 46
- 53 డిగ్రీలు: మళ్లీ 50
- 60 డిగ్రీలు: 53.6
- 75 డిగ్రీలు: 67.4
- నిట్టనిలువుగా: 100. అప్పుడది లాగడం కాదు, ఎత్తడమే.

అన్నిటికంటే తక్కువ 27 దగ్గర ఉంది. కానీ ఈ పట్టికలో నాకు నచ్చే సంగతి వేరే ఉంది. 15 నుంచి 40 డిగ్రీల దాకా ఎక్కడ పట్టుకున్నా, తక్కువలో తక్కువదానికీ దానికీ తేడా ఒకటిన్నర కిలో దాటదు. కాబట్టి డిగ్రీల కోసం తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు. సుమారుగా పట్టుకుంటే చాలు. ఇంకో సంగతి, సరైన వాలుకు రెట్టింపు పోతే సమాంతరంగా లాగినట్టే అవుతుంది. 27కు రెట్టింపు 53 (కచ్చితంగా చెప్పాలంటే 26.6, 53.1). అక్కడి నుంచి పైకి పోతే నష్టమే.

లెక్క వేసుకోవాలనుకునేవారికి సూత్రం ఇది: ఘర్షణ గుణకాన్ని బరువుతో గుణించండి. దాన్ని (కోణం కొసైన్ + ఘర్షణ గుణకం × కోణం సైన్)తో భాగించండి. వచ్చిందే కావలసిన బలం. ఇది అక్కర్లేనివారు కింది పద్ధతికి వెళ్లిపోవచ్చు.

మొదటి పని: పలకను వాల్చి చూడండి

ఒక మీటరు చెక్క పలక తీసుకోండి. మీ వస్తువు అడుగు ఏ పదార్థంతో ఉందో అలాంటి ముక్క ఒకటి దాని మీద పెట్టండి. పలక ఉపరితలం మీ నేలలాంటిదై ఉండాలి. నేల టైల్స్ అయితే ఒక విడి టైలు, తివాచీ అయితే తివాచీ ముక్క పలక మీద పరవండి. ఇప్పుడు పలక ఒక చివరను నెమ్మదిగా పైకి లేపుతూ పోండి. ముక్క జారడం మొదలుపెట్టిన క్షణంలో ఆపేయండి. పలక చివర ఎంత ఎత్తుకు లేచిందో కొలవండి. ఆ చివరకు సరిగ్గా కింద నేల మీద ఒక గుర్తు పెట్టి, అక్కడి నుంచి పలక నేలను తాకిన చోటు దాకా ఎంత దూరముందో అదీ కొలవండి. ఎత్తును ఆ దూరంతో భాగిస్తే ఘర్షణ గుణకం వస్తుంది.

ఉదాహరణకు మీటరు పలకను 45 సెంటీమీటర్ల ఎత్తుకు లేపినప్పుడు ముక్క జారింది. నేల మీద దూరం 89 సెంటీమీటర్లు వచ్చింది. 45ను 89తో భాగిస్తే దాదాపు 0.5. ఇక్కడ చాలామంది పొరపాటున పలక పొడవుతో భాగిస్తారు. అలా చేస్తే 0.45 వస్తుంది. వాలు తక్కువైతే ఈ తేడా పట్టించుకోనక్కర్లేదు గాని, పలక నిటారుకు పోయేకొద్దీ తప్పు పెద్దదవుతుంది.

పెద్ద బీరువా సంగతి తేల్చడానికి అరచేతి వెడల్పు ముక్క సరిపోతుందా? సరిపోతుంది. ఘర్షణ ఒత్తిడిని బట్టి ఉంటుంది గాని, రెండు ఉపరితలాలు ఎంత మేర తగులుతున్నాయన్నదాన్ని బట్టి ఉండదని ఫ్రాన్సుకు చెందిన గియోమ్ అమాంటన్ 1699లోనే చెప్పాడు. గట్టి, పొడి ఉపరితలాలకు ఆ మాట ఇప్పటికీ పనికొస్తుంది. తివాచీ, మట్టి, ఇసుకలాంటివి బరువుకు అణిగిపోతాయి కాబట్టి వాటి విషయంలో దీన్ని సుమారు లెక్కగానే తీసుకోండి.

ఐదారుసార్లు చేసి చూడండి. ఒక్కోసారి ఒక్కో ఎత్తులో జారుతుంది, కంగారు పడకండి. మిగతావాటికి దూరంగా ఉన్న కొలతను వదిలేసి, మిగిలినవాటి సగటు తీసుకోండి. ముక్కను ముట్టుకున్నాక చేతి చెమట, జిడ్డు కూడా ఫలితాన్ని మారుస్తాయి, తుడిచి పెట్టండి.

పలక దొరక్కపోతే బ్యాగుల బరువు చూసే కొక్కెం కాటా ఉంటే చాలు. చిన్న పెట్టెలో పుస్తకాలు నింపి ముందు దాన్ని వేలాడదీసి బరువు చూడండి. తర్వాత నేల మీద పెట్టి, కాటాతో సమాంతరంగా నెమ్మదిగా లాగండి. కదలబోయే ముందు కాటా చూపిన పెద్ద అంకెను బరువుతో భాగించండి. 4 కిలోల పెట్టె 1.6 దగ్గర కదిలితే గుణకం 0.4. స్ప్రింగు కాటా అయితే అడ్డంగా పట్టుకున్నప్పుడు ముల్లు సున్నా దగ్గర ఉండదు. కొక్కెం బరువు స్ప్రింగు మీద పడకపోవడమే కారణం. లాగే ముందే దాన్ని సున్నాకు సరిచేసుకోండి.

రెండో పని: పలక వాలునే తాడుకు ఇవ్వండి

అసలు పద్ధతి ఇంతే. ముక్క జారడం మొదలైనప్పుడు పలక ఏ వాలులో ఉందో, తాడును సరిగ్గా ఆ వాలులో పట్టుకోవాలి. గుణకం 0.5 అయితే తాడు రెండు మూరలు ముందుకు వచ్చేసరికి ఒక మూర పైకి లేవాలి. 0.3 అయితే మీటరుకు 30 సెంటీమీటర్లు. డిగ్రీలతో పని లేదు.

ఈ రెండు వాలులూ ఒకటే ఎందుకవుతాయో కాగితం మీద గీసి చూడవచ్చు. ఇది నేను చూసిన రుజువుల్లో అన్నిటికంటే ముచ్చటైనది, పైగా స్కేలు తప్ప ఏమీ అక్కర్లేదు. 10 సెంటీమీటర్ల నిలువు గీత గీయండి. ఇది బరువు: ఒక సెంటీమీటరంటే 10 కిలోలు. పై కొసకు ఎడమ పక్కన సరిగ్గా 5 సెంటీమీటర్ల దూరంలో ఒక చుక్క పెట్టండి. నిలువు గీత కింది కొస నుంచి ఆ చుక్క మీదుగా ఒక వాలు గీత గీసి, పైకి ఇంకా పొడిగించండి. జారబోయే వస్తువును నేల ఏ దిశలో తోస్తుందో ఈ వాలు గీత చెబుతుంది. కొంత పైకి, కొంత వెనక్కి. గుణకం మారనంతవరకు ఆ దిశ మారదు.

మిగిలింది మీ బలం. అది వాలు గీత మీద ఎక్కడో ఒకచోట మొదలై నిలువు గీత పై కొసకు చేరి త్రిభుజాన్ని మూయాలి. చుక్క దగ్గర నుంచి అడ్డంగా వస్తే 5 సెంటీమీటర్లు, అంటే 50 కిలోలు. సమాంతరంగా లాగడం ఇదే. అన్నిటికంటే పొట్టి దారి ఏది? పై కొస నుంచి వాలు గీత మీదికి లంబం దించండి. కొలిస్తే దాదాపు 4.5 సెంటీమీటర్లుంటుంది, అంటే 45 కిలోలు. ఆ లంబం చుక్క కంటే కిందికి దిగి, అక్కడి నుంచి పైకి వాలుతూ కొసను చేరుతుంది. నేల తోసే దిశ నిలువు నుంచి ఎంత వాలిందో, ఈ లంబం అడ్డం నుంచి అంతే వాలింది. చుక్కకు పైన ఉన్న చోట్ల నుంచి గీతలు గీసి చూడండి. అవి కిందికి దిగుతూ వస్తాయి, ఎంత పైనుంచి మొదలైతే అంత పొడవు. ఏటవాలుగా కిందికి నెట్టడమంటే అదే. దాని సంగతి తర్వాత చెబుతాను.

సరే, తాడు పొడవుకు వద్దాం. వెనక్కి వాలి లాగే భంగిమలో నిలబడి, చేతులు నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో ఎవరిచేతనైనా కొలిపించండి. నిటారుగా నిలబడి కొలిస్తే తప్పు పోతుంది, వాలినప్పుడు చేతులు కిందికి వస్తాయి. ఆ ఎత్తులోంచి ముడి ఎత్తును తీసేయండి. చేతులు 90 సెంటీమీటర్ల దగ్గర, ముడి 15 దగ్గర ఉంటే తేడా 75. గుణకం 0.5 కాబట్టి మీరు ముడికి 150 సెంటీమీటర్ల దూరంలో నిలబడాలి. తాడు పొడవు 168 సెంటీమీటర్లు వస్తుంది. ముళ్లకూ పట్టుకోవడానికీ అదనంగా వదలండి. గుణకం 0.3 అయితే అదే మనిషికి 261 సెంటీమీటర్ల తాడు కావాలి. 0.7 అయితే 131 చాలు. నున్నటి నేల మీద పొడుగు తాడు, గరుకు నేల మీద పొట్టి తాడు అని గుర్తుంటే ఈ అంకెలు మరిచిపోయినా నష్టం లేదు. భుజం మీదుగా తాడు వేసుకుని ముందుకు నడుస్తూ లాగేవారికి ఎత్తు తేడా ఎక్కువ కాబట్టి తాడు ఇంకా పొడుగుండాలి. ఆ తేడా 120 సెంటీమీటర్లయితే, గుణకం 0.5కు 268.

కొలిచే తీరిక లేకపోతే చదరపు కాగితాన్ని ఒక మూల నుంచి ఎదుటి మూలకు మడవండి. 45 డిగ్రీలు వస్తుంది. అదే మూలను మళ్లీ సగానికి మడిస్తే ఇరవై రెండున్నర. మామూలు చెక్క పెట్టె, మామూలు గచ్చు నేల అయితే అది చాలు.

ఈ వాలు వల్ల నిజంగా బాగుపడేది మీ కాళ్లు

50 కిలోలు కాస్తా 45 అయింది, పది శాతం. ఇంత తతంగం దీనికోసమా అని మీకు అనిపిస్తే తప్పులేదు. గుణకం 0.2 దగ్గరైతే ఆదా రెండు శాతం కూడా ఉండదు. 0.7 దగ్గర 18 శాతం, 1 దగ్గర 29 శాతం. నేల ఎంత గరుకైతే వాలు అంత పనికొస్తుంది. చేతుల లెక్క ఇంతే. కాళ్ల లెక్క వేరు.

మీ బరువు 60 కిలోలు, మీ చెప్పులకూ నేలకూ మధ్య గుణకం 0.7 అనుకోండి. మీ కాళ్లు పట్టి ఉంచగలిగేది 42 కిలోలు. సమాంతరంగా లాగితే పెట్టెకు 50 కావాలి. అంటే పెట్టె కదిలేలోపే మీరు జారతారు. ఎంత బలమైన మనిషైనా అంతే. ఇప్పుడు తాడును 27 డిగ్రీల వాలులో పట్టండి. బలం 44.7. అందులో ముందుకు పనిచేసేది 40, పైకి 20. తాడు పెట్టెను 20 కిలోల మేర పైకి లాగుతోందంటే, మిమ్మల్ని అంతే 20 కిలోల మేర కిందికి లాగుతోందన్నమాట. మీ కాళ్ల కింద ఇప్పుడు 60 కాదు, 80 కిలోల ఒత్తిడి. పట్టు 56కు పెరిగింది. కావలసింది 40కి తగ్గింది. ఇందాక 8 కిలోలు చాలలేదు, ఇప్పుడు 16 మిగిలింది. చేతులకు పది శాతమే తేడా అనిపించిన వాలు, జారిపోయే మనిషిని నిలబెట్టింది.

కాబట్టి లాగే ముందు అడుగు నున్నగా అరిగిపోయిన చెప్పులు విడిచేసి, రబ్బరు అడుగు బూట్లు వేసుకోండి. మేజోళ్లతో అసలే వద్దు. కాళ్ల కింద తడి, దుమ్ము లేకుండా తుడవండి.

పెట్టె కింద మాత్రం దీనికి సరిగ్గా తలకిందులుగా చేయాలి. అక్కడ ఎంత నున్నగా ఉంటే అంత మంచిది. అడుగున పాత దుప్పటో అట్టముక్కో వేసి గుణకాన్ని 0.5 నుంచి 0.25కు దించగలిగితే బలం సగానికి సగం తగ్గుతుంది. ఏ వాలూ అంత లాభం తేలేదు. క్రీస్తుపూర్వం 1900 ప్రాంతపు జెహుతిహోటెప్ అనే ఈజిప్టు అధికారి సమాధి గోడ మీద పెద్ద విగ్రహాన్ని బండిచెక్క (చక్రాల్లేని జారుడు బండి) మీద పెట్టి లాగే బొమ్మ ఉంది. అందులో ఒకడు బండిచెక్క ముందుభాగం మీద నిలబడి ఇసుక మీద నీళ్లు పోస్తుంటాడు. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో దీన్ని పరీక్షించి, ఇసుకను సరిపడా తడిపితే లాగే బలం దాదాపు సగమవుతుందని చూపించారు. పొడి ఇసుక బండిచెక్క ముందు కుప్పగా పోగుపడి అడ్డుపడుతుంది, తడి ఇసుక గట్టిగా నిలుస్తుంది. నున్నగా చేశాక గుణకం తగ్గింది కాబట్టి తాడు వాలు కూడా తగ్గించాలి, మరిచిపోకండి.

మూడో పని: ముడి ఎక్కడ వేయాలి

ఒకసారి నేను పుస్తకాల అలమరకు ఛాతీ ఎత్తున తాడు బిగించి లాగాను. అలమర అడుగు భాగం కదల్లేదు, పై అర మాత్రం నా మీదికి వంగింది. పుస్తకాలన్నీ కింద పడ్డాయి, నేను పక్కకు తప్పుకోబట్టి సరిపోయింది.

ముడి ఎంత ఎత్తు దాకా వేయవచ్చో తేలిగ్గా లెక్కేయవచ్చు. లాగే దిశలో వస్తువు అడుగు ఎంత వెడల్పుందో కొలిచి, దానిలో సగాన్ని ఘర్షణ గుణకంతో భాగించండి. ఆ అలమర లోతు 30 సెంటీమీటర్లు. సగం 15, దాన్ని 0.5తో భాగిస్తే 30. అంటే నేల నుంచి 30 సెంటీమీటర్ల పైన ఎక్కడ కట్టి లాగినా జారడానికి ముందే ఒరుగుతుంది. నేను కట్టింది దానికి నాలుగింతల ఎత్తులో. తాడు పైకి వాలినప్పుడు ఇంకాస్త వెసులుబాటు ఉంటుంది గాని దాన్ని నమ్ముకోకండి. బరువంతా పై అరల్లో ఉంటే, నేల మీద చిన్న మిట్ట తగిలితే ఆ కాస్తా పోతుంది. పొడవాటి వస్తువును లోతు దిశలో కాకుండా వెడల్పు దిశలో లాగండి. ముడిని వీలైనంత కిందికి, మీకు ఎదురుగా ఉన్న ముఖం మీద వేయండి. తాడు అడుగు చుట్టూ తిప్పి కడితే ఇంకా మంచిది.

నాలుగో పని: లాగడం

తాడును చేతికి చుట్టుకోకండి. జారితే వేళ్లు నలుగుతాయి. ఒక కర్రను తాడు చివర ముడేసి రెండు చేతులా పట్టుకోండి. కుదుపుతో లాగొద్దు, బలాన్ని మెల్లగా పెంచుతూ పోండి.

కదిలించడానికి పట్టినంత బలం కదిలాక పట్టదు. స్థైతిక ఘర్షణ కంటే జారుడు ఘర్షణ తక్కువ. ఫ్రెంచి ఇంజనీరు కులుంబ్ 1785లో అచ్చయిన తన పరిశోధనలో, వస్తువు ఎంతసేపు కదలకుండా ఉంటే దాన్ని కదిలించడం అంత కష్టమవుతుందని కూడా చూపించాడు. ఏళ్లతరబడి ఒకేచోట ఉన్న బీరువా మొండికేయడం మీరు చూసే ఉంటారు. అందుకే మొదటి లాగుడుకు పలక చూపిన వాలులో పట్టుకుని, కదిలాక రెండడుగులు వెనక్కి వేసి తాడును కొంచెం పొడుగు వదలండి. మధ్యలో ఆపితే మళ్లీ మొదటి లెక్కే కాబట్టి దారి ముందే ఖాళీ చేసుకుని ఒకే ఊపులో తీసుకెళ్లండి.

లాగుతుంటే వస్తువు ముందంచు నేల మీది నుంచి లేస్తోందా? వాలు ఎక్కువైంది, వెనక్కి జరగండి. మట్టిలో, ఇసుకలో మాత్రం ముందంచు కాస్త లేవడమే మంచిది, లేకపోతే నాగలిలా నేలను తవ్వుకుంటూ పోతుంది.

నెట్టాల్సి వస్తే

నడుము ఎత్తున్న పెట్టె మీద చేతులానించి, ముందుకు వంగి నెట్టేటప్పుడు మన బలం ఏటవాలుగా కిందికి పోతుంది. 30 డిగ్రీలు కిందికి అనుకోండి. అదే 100 కిలోల పెట్టెకు ఇప్పుడు కావలసింది 81 కిలోలు. అందులో దాదాపు 41 పెట్టెను నేలకేసి అదుముతోంది. నేల మీద 141 కిలోలు ఆనుతోంది. మనమే బరువు పెంచి, పెంచిన బరువును మనమే నెడుతున్నాం. పైగా ఈ 41 మీ కాళ్ల కింది ఒత్తిడిలోంచి పోతుంది. 60 కిలోల మనిషి కాళ్ల కింద మిగిలేది 19. ఆ పట్టుతో 70 కిలోలు ముందుకు తోయడం ఎవరివల్లా కాదు.

ఇంకా కిందికి వాలిస్తే, ఈ గుణకానికి 63 డిగ్రీలు దాటాక, ఎంత బలం పెట్టినా పెట్టె కదలదు. కాగితం మీది బొమ్మలో మీ బలం గీత వాలు గీతకు సమాంతరమైపోయి, త్రిభుజం ఎప్పటికీ మూసుకోదు. పచ్చిక నేలను చదును చేసే లాన్ రోలరును నెట్టడం కంటే లాగడం తేలికని భౌతికశాస్త్రం పాఠంలో చెప్పేది ఈ కారణంగానే.

నెట్టక తప్పకపోతే మోకాళ్లు వంచి కిందికి దిగండి. చేతులు వస్తువు కింది భాగంలో ఆనించి, బలం అడ్డంగా గాని, కాస్త పైకి గాని పోయేలా చూడండి. వెనక గోడ దగ్గరగా ఉంటే కూర్చుని, వీపు గోడకానించి కాళ్లతో నెట్టండి. జారే సమస్యే ఉండదు, తొడల బలం చేతుల బలం కంటే ఎక్కువ కూడా.

వాలు నేల, రెండు తాళ్లు, చక్రాలు

ఎగువకు లాగేటప్పుడు పద్ధతి మారదు. తాడు వాలును మట్టమైన నేల నుంచి కాకుండా ఆ ఏటవాలు నుంచే కొలవండి. 10 డిగ్రీల ఎత్తు మీదికి 100 కిలోల పెట్టెను వాలుకు సమాంతరంగా లాగితే 67 కిలోలు కావాలి. తాడును వాలు మీది నుంచి ఇంకో 27 డిగ్రీలు లేపితే 60 చాలు. ఎక్కేటప్పుడు పెట్టెకు దిగువన ఎవరూ నిలబడకూడదు.

ఇద్దరు చెరో తాడు పట్టి లాగేటప్పుడు ఇంకో కోణం వచ్చి చేరుతుంది, పక్క కోణం. పైకి వాలితే కొంత లాభముంది గాని పక్కకు వాలితే ఏమీ లేదు, అంతా నష్టమే. రెండు తాళ్ల మధ్య 60 డిగ్రీలుంటే ఇద్దరి బలంలో 87 శాతం పనికొస్తుంది. 90 అయితే 71. 120 అయితే సగమే, అంటే ఇద్దరూ కలిసి ఒక్కరి పని చేస్తున్నట్టు. ఒకరి వెనక ఒకరు ఒకే తాడు పట్టుకోండి. చోటు లేకపోతే తాళ్లు పొడుగు చేసి దగ్గరదగ్గరగా నడవండి.

చక్రాల బండికి మట్టమైన గట్టి నేల మీద వాలుతో పనిలేదు. దొర్లుడు ఘర్షణ అసలే తక్కువ, తగ్గించడానికి అక్కడేమీ ఉండదు. చేతికి ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ పట్టుకోండి. గడప అడ్డమొచ్చినప్పుడు కథ మారుతుంది. 10 సెంటీమీటర్ల వ్యాసార్థమున్న చక్రానికి 3 సెంటీమీటర్ల గడప ఎదురైందనుకోండి. దాన్ని సమాంతరంగా లాగి ఎక్కించాలంటే చక్రం మీద పడే బరువు కంటే కాస్త ఎక్కువ బలమే కావాలి. అదే దాదాపు 45 డిగ్రీలు పైకి లాగితే ఆ బరువులో 71 శాతంతో ఎక్కుతుంది. కాబట్టి గడప దగ్గరికి రాగానే బండికి దగ్గరగా జరిగి, తాడు పొట్టిగా పట్టి పైకి లాగండి. చక్రం ఎక్కగానే మళ్లీ దూరం జరిగి తాడును కిందికి దించండి.